బిడ్డను ముట్టుకోనన్న తండ్రి

కరోనా వార్డులు మూతపడ్డాక వచ్చిన రెండో వానాకాలంలో నన్ను నవజాత శిశు విభాగానికి సిస్టర్-ఇన్-ఛార్జ్‌గా వేశారు. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగు. కోల్‌కతాలో నేను చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేశాను. ఇది ఏదో రాయను. సిస్టర్-ఇన్-ఛార్జ్ అంటే స్టాఫ్ నర్సులకు పైన, నర్సింగ్ సూపరింటెండెంటుకు కింద. ఆ హోదాలో సొంత చేత్తో ఇంజక్షన్లు ఇవ్వడం తగ్గిపోతుంది. ఏ బిడ్డను ఎవరు చూస్తున్నారు, ఏ యంత్రం ఏ బిడ్డకు, బయట కూర్చున్న బంధువులకు ఏం చెప్పాలి, ఇవే పనులు.

పుట్టిన మొదటి వారంలో బిడ్డకు చేయాల్సినవి వినడానికి చిన్న సంగతులే. బొడ్డు మీద ఏమీ రాయకూడదు; పొడిగా ఉంచితే దానంతటదే ఎండి రాలిపోతుంది. స్నానానికి తొందర లేదు. తేనె, చక్కెర నీళ్ళు నాకించకూడదు. మొదట్లో కాస్త బరువు తగ్గితే భయపడక్కర్లేదు, కళ్ళు పచ్చబడితే మాత్రం చూపించాలి. అన్నిటికన్నా ముందు వెచ్చదనం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు చర్మం కింద కొవ్వు ఉండదు. వేడి పుట్టించుకోలేదు, ఉన్న వేడిని నిలబెట్టుకోలేదు. చల్లబడిన పిల్ల ముందు పాలు మానేస్తుంది, తర్వాత ఊపిరి తీయడం మరిచిపోతుంది. అందుకే మా నర్సులు పదే పదే చేతి వెనక భాగంతో మొదట పొట్టను, తర్వాత అరికాళ్ళను తాకి చూస్తారు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే ప్రమాదం మొదలైందన్నమాట.

పైనుంచి వేడి పడే పడకలు మా దగ్గర ఉండేవి. వాటిని వార్మర్లు అంటాం. వానాకాలంలో అవి ఎప్పుడూ చాలేవి కావు. ఒక్కోసారి ఒకే వార్మర్ మీద ఇద్దరు పిల్లల్ని అటూ ఇటూ పడుకోబెట్టేవాళ్ళం. అందువల్ల ఊపిరి బాగానే తీస్తూ, బరువు మాత్రం తక్కువగా ఉన్న పిల్లల్ని కంగారూ పద్ధతిలో తల్లి గుండె మీదికి మార్చేస్తాం. బిడ్డకు టోపీ, మేజోళ్ళు, లంగోటీ తప్ప ఏమీ ఉండవు. నిలువుగా, చర్మానికి చర్మం ఆనేలా తల్లి రొమ్ముల మధ్య ఉంచి పైన గుడ్డ చుట్టేస్తాం. తల్లి ఒంటి వేడే యంత్రం. తల్లికి వీలు కానప్పుడు అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని, లేదా తండ్రి. ఆరోగ్యంగా, శుభ్రంగా ఉన్న ఎవరి గుండె అయినా పనికొస్తుంది.

ఆ వానల్లో సంతోషి అనే శ్రీకాకుళం అమ్మాయికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లిని పై అంతస్తులో ఇంటెన్సివ్ కేర్‌లో ఉంచారు. ఆమెకు ఇంకా పూర్తిగా తెలివి రాలేదు. ఆడపిల్ల, రెండు కిలోలకు తక్కువ, కానీ గట్టిది. గొంతెత్తి ఏడ్చేది, ఉగ్గుగిన్నెతో పోస్తే గుటకలు వేసేది. మా బెంగాలీ ఆయాలు ఆ గిన్నెను ఝినుక్ అంటారు. రెండో రోజుకి అంతకన్నా జబ్బుపడిన పిల్లలు వచ్చారు. ఈ పిల్లను వార్మర్ మీంచి దింపక తప్పలేదు. బంధువులెవరని చూస్తే తండ్రి ఒక్కడే. పేరు పైడిరాజు, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మనిషి సన్నగా, చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉండేవాడు. పిలిస్తే గ్రిల్లు గేటు దాకా వచ్చేవాడు, గడప దాటేవాడు కాదు.

శిఖా అని చురుకైన స్టాఫ్ నర్సు ఉండేది. ఆమె రెండుసార్లు బెంగాలీలో విధానమంతా చెప్పిందట. అతను తల అడ్డంగా ఊపి చేతులు వెనక్కి పెట్టుకున్నాడట. "ఆడపిల్ల కదా దిదీ, అందుకే," అంది నాతో. కేస్ షీటులో బంధువులు ఇష్టపడలేదు అని రాయడం మా దగ్గర మామూలే. ఆ ఒక్క వాక్యం రాస్తే బాధ్యత మా మీద ఉండదు. రాయనా అని అడిగింది. ఆగమన్నాను, అతను తెలుగువాడు కనక నేను మాట్లాడతానని.

మాది కోల్‌కతాలో రేవు పక్కనున్న ఖిదిర్‌పూర్. తాత కాలంలో భీమిలి వైపు నుంచి రేవు పనికి వచ్చిన క్రైస్తవ కుటుంబం. చర్చిలో బైబిలు చదవడం వల్ల నాకు తెలుగు అక్షరాలు నిలిచాయి. ఇంట్లో మాట మాత్రం ఉత్తరాంధ్రదే. గేటు దగ్గరికి వెళ్ళి నలుగురిలోనే అడిగాను.

"ఏటి బాబూ, ఆడపిల్లని ఎత్తుకోవా?"

తెలుగు వినగానే తలెత్తాడు. మాట అర్థమయ్యాక మొహం మాడిపోయింది. "అదేటమ్మా, అలగంతారు? ఆడపిల్లే కావాలని నానే మొక్కుకున్నాను."

"మరేటి నీ బాధ?"

"నానెత్తుకోనమ్మా. ఒగ్గీండి." అని మెట్లు దిగిపోయాడు.

అంతటితో వదిలేసినా నన్నెవరూ అడగరు. కానీ మొక్కుకున్నానన్న మాట నన్ను కదిలించింది. కింద మందుల కిటికీ పక్కన ఎవరూ లేని చోట అతన్ని పట్టుకున్నాను. ఈసారి గొంతు తగ్గించి, బిడ్డ అరికాళ్ళు చల్లబడుతున్నాయని, మాకు వేరే దారి లేదని ఉన్నదున్నట్టు చెప్పాను. వెనకనున్న చేతులు ముందుకు తెచ్చి చాపాడు.

వేళ్ళ సందులు పాచిపోయి తెల్లగా పొరలు లేచాయి. గోళ్ళ చివర్లు నల్లగా కమిలిపోయాయి. వాటి చుట్టూ చర్మం మాత్రం తోమి తోమి ఎర్రబడింది. ఇటుక ముక్కతో తోముకున్నాడని తర్వాత తెలిసింది.

"గోతుల్లోకి దిగుతానమ్మా. కాలవలు బందయితే కంట్రాక్టరు దింపుతాడు. మా అయ్యది మునిసిపాల్టీలో పర్మినెంటు. నాకది రాలేదు. మూడుసార్లు నీల్లోసుకుని వొచ్చినాను. అయినా నాకే వోసనొస్తంది. ఈ సేతుల్తో సంటిపిల్లని ఎలగ ముట్టుకుంతాను?"

నేనేదో అనబోతుండగా చటుక్కున అన్నాడు. "మా అత్త రేపొస్తాది, ఊరునించి. పంపుహౌసులో పనని సెప్పి పెల్లి సేసుకున్నాను. సంతోషికీ అదే సెప్పినాను. మీరు సెప్పకండమ్మా. తెలిస్తే నా పెల్లాన్నీ పిల్లనీ తీసుకుపోతాది."

అతని పని ఏమిటో నాకు ముందే సుమారుగా తెలుసు. తెలుగువాడు, శ్రీకాకుళం, మునిసిపల్ క్వార్టర్ల అడ్రసు చెప్పాడంటే మా వాళ్ళలో ఎవరికైనా అర్థమవుతుంది. రేవులో పనిచేసే మా ఇళ్ళలో పిల్లల్ని పారిశుధ్య పనివాళ్ళుండే ఆ క్వార్టర్ల లైన్ల వైపు వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. చర్చిలో కూడా వాళ్ళది వెనక బెంచీ. ఇదంతా తెలిసి కూడా నలుగురిలో ఆడపిల్ల అంటూ నిలదీశాను. తప్పుకోవడానికి అతనికి నేనే చోటు మిగల్చలేదు.

అతని భయంలో వైద్యపరంగా కొంత నిజం ఉంది కనక డాక్టరుకు చూపించాను. కుర్ర డాక్టరు, ఓపిక ఉన్నవాడు. చొక్కా విప్పించి గుండె, పొట్ట, చంకలు చూశాడు. అక్కడ చర్మం నున్నగా, శుభ్రంగా ఉంది. చేతులకు ఫంగస్ అన్నాడు, పూత మందు రాశాడు. గుండె మీద పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు, చేతులకు మాత్రం తొడుగులు ఉండాలన్నాడు. మేము ఎలా కడుక్కుంటామో అలాగే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవడం నేర్పించాను. గోళ్ళు కత్తిరించుకున్నాడు. తల్లులు కూర్చునే గదిలో ఒక మూల తెర కట్టి, వెనక్కి వాలే కుర్చీ వేయించి, బిడ్డను అతని గుండె మీద పెట్టాను.

కట్టు కట్టి చూసేసరికి అతను ఊపిరి తీయడం లేదు.

"ఊపిరి తియ్యి బాబూ."

"గోతిలోకి దిగినప్పుడు ఇలగే బిగపడతామమ్మా. అలవాటయిపోనాది."

నవ్వాలనిపించింది, నవ్వలేదు. తక్కువ నెలల పిల్ల పెద్దవాళ్ళ గుండె లేచి పడడాన్ని బట్టే తన ఊపిరి సరిచేసుకుంటుందని, నువ్వు బిగబడితే అదీ బిగబడుతుందని చెప్పాను. అప్పుడు వదిలాడు. మెల్లగా, లెక్కపెట్టుకుంటున్నట్టు తీశాడు, వదిలాడు. పిల్ల కాసేపు ఏడ్చి నిద్రపోయింది. శిఖా వచ్చి పాదాలు తాకి చూసి నావైపు తల ఊపింది. సాయంత్రం దాకా అతను కదల్లేదు. తొడుగులున్న చేతులు రెండూ కుర్చీ చేతుల మీదే పెట్టుకున్నాడు. బిడ్డ వీపు మీద వెయ్యమన్నా వెయ్యలేదు.

అదే గదిలో ఒక ఆయా అతన్ని గుర్తుపట్టింది. వాళ్ళ సందులో మేన్‌హోలు తీసింది ఇతనేనని పక్కావిడతో అంది. ఆ మాట తెర దాటి అతనికి వినిపించింది. ఇద్దరు తల్లులు కుర్చీలు దూరంగా జరుపుకున్నారు. డాక్టరు చూసి సరేనన్నాకే కూర్చోబెట్టానని నేను వాళ్ళతో గట్టిగానే చెప్పాను. అయినా కుర్చీలు మళ్ళీ దగ్గరికి జరగలేదు. ఆ కబురు అక్కడితో ఆగలేదు కూడా.

మర్నాడు పొద్దున్నుంచి కుండపోత. మధ్యాహ్నానికి ఆసుపత్రి ఆవరణలో మోకాలి లోతు నీళ్ళు. పెద్ద కాలవ ఎక్కడో పూడుకుపోయి మురుగు ప్రసూతి భవనం మెట్లదాకా వచ్చింది. పైడిరాజు పొద్దున పూట బిడ్డను పెట్టుకుని, భోజనానికి కిందికి వెళ్ళాడు. తిరిగి రావాల్సిన వేళకు రాలేదు. పిల్లను గుడ్డల్లో చుట్టి ఉంచాం గానీ పాదాలు చల్లబడడం మొదలైంది. ఎక్కడికి పోయాడని అడిగితే ఆ ఆయానే చెప్పింది, వార్డ్ మాస్టర్ తీసుకెళ్ళాడని.

మా రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల స్వీపర్లు, అటెండర్లు, ఆవరణ శుభ్రత, ఇవన్నీ వార్డ్ మాస్టర్ అధికారంలో ఉంటాయి. డాక్టరు కాదు, నర్సు కాదు, కానీ ఆయన మాట లేకుండా ఒక బకెట్టు కూడా కదలదు. నేను గొడుగు తీసుకుని దిగాను. డ్యూటీ వేళలో వార్డు వదిలి అలా ఆవరణలోకి వెళ్ళడం నాకు అదే మొదటిసారి.

షెడ్డు పక్కన నీళ్ళెక్కని మెరక మీద, పూడికకు అవతల ఉన్న మేన్‌హోలు మూత తీసి ఉంది. వార్డ్ మాస్టర్ గొడుగు కింద నిలబడ్డాడు. మా స్వీపరు ఒకడు తాడు పట్టుకున్నాడు. తాడు రెండో కొస గోతిలో ఉంది. పొద్దున్న నేనిచ్చిన శుభ్రమైన తువ్వాలు, అతని చొక్కా గోడ మీద మడతపెట్టి ఉన్నాయి.

ఇదేమిటని బెంగాలీలో అడిగాను. కంట్రాక్టరు మనుషులు ఫోన్ ఎత్తడం లేదని, ఇతను ఎలాగూ ఇక్కడే ఉన్నాడని, పేషెంటు మనిషి అయినా సాయం చేస్తాడని వార్డ్ మాస్టర్ శాంతంగా చెప్పాడు. "మీ దేశం మనిషే కదా దిదీ," అన్నాడు చివర్లో; బెంగాలీలో దేశం అంటే సొంత ప్రాంతం. ఆ మాటకు మొదట నాకు కలిగింది కోపం కాదు. నన్ను అతనితో కలిపి చూశాడే అన్న సిగ్గు. ఆ సిగ్గును గుర్తుపట్టాక ఇంకో సిగ్గు కలిగింది, అది ఇప్పటికీ ఉంది.

అప్పుడే గేటు వైపు నుంచి ఒక ముసలామె నీళ్ళలో అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. నెత్తిన సంచి, చీర మోకాళ్ళ దాకా ఎగగట్టింది. ఏ భవనమో తెలియక, కనపడిన వాళ్ళనల్లా "బొట్టు సంతోషి, బొట్టు సంతోషి" అని కూతురి పేరు ఇంటిపేరుతో సహా చెప్పి అడుగుతోంది. నేను తెలుగులో పలకరించేలోపే గోతిలోంచి పైడిరాజు తల పైకి వచ్చింది. మొహమంతా నల్లగా ఉంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

అతను మళ్ళీ కిందికి దిగిపోయాడు.

పని కోసం దిగలేదు, దాక్కున్నాడు. తాడు పట్టుకున్న స్వీపరుకి అర్థం కాక అలాగే నిలబడ్డాడు. కాసేపటికి తాడు కదలడం మానేసింది. ఆ గోతుల్లో గాలి ఎలాంటిదో, మనుషులు ఎలా పోతారో మా ఎమర్జెన్సీలో చూసినదాన్ని. లాగమని అరిచాను. ముసలామె సంచి నీళ్ళలో పడేసి గోతి అంచున మోకాళ్ళ మీద కూలబడింది.

"పైడిరాజూ! పైకి రా నాయనా! నా మనవరాల్ని సూపించవా? రా అయ్యా!"

స్వీపరు, నేను, ఆమె కలిసి తాడు లాగాం. సగం అతనే ఎక్కాడు, సగం మేం లాగాం. పైకొచ్చి అంచున బోర్లా పడి దగ్గాడు. దగ్గుతూనే ఆమెకు దూరంగా పాకాడు. "ముట్టుకోకత్తా, ముట్టుకోకు," అన్నాడు.

నూకాలమ్మ, ఆవిడ పేరు, ముట్టుకుంది. చెయ్యి పట్టి లేపి పంపు దగ్గరికి నడిపించింది. తనే పంపు కొట్టి, తలమీంచి నీళ్ళు పోసి, చెంగుతో మొహం తుడిచింది. అతను కళ్ళు తెరవలేదు. అప్పుడావిడ వార్డ్ మాస్టర్ వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"నువ్వు దిగవా బాబూ ఇందులోకి?"

ఏమంటోందని ఆయన నన్నడిగాడు. ఉన్నదున్నట్టు బెంగాలీలో చెప్పాను. "అది అతని పని కదా," అన్నాడాయన. ఎగతాళిగా అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయి అన్నాడు. నూకాలమ్మ నా మొహంలోకి చూసింది. ఆ జవాబును నేను తెలుగులో చెప్పలేకపోయాను. ఆవిడకి అర్థమైందనే అనుకుంటాను.

ఆ రోజు పైడిరాజు లోపలికి రానంటే రానన్నాడు. డాక్టరు కూడా వద్దన్నాడు. ఊపిరితిత్తులు పరీక్షించి ఒక రాత్రి ఎమర్జెన్సీలో ఉంచాడు. బిడ్డను నూకాలమ్మ గుండె మీద పెట్టాం. ఆవిడ స్నానం చేసి, సంచిలో తడవకుండా మిగిలిన చీర కట్టుకుని కూర్చుంది. పిల్ల పాదాలు సాయంత్రానికి వెచ్చబడ్డాయి. అల్లుడి పని గురించి నేనేం మాట్లాడలేదు, ఆవిడా అడగలేదు. చివరికి ఒక్క మాటంది.

"మా ఇంట్లో ఎవులూ సెయ్యని పనా ఏటమ్మా? మా మావ సచ్చిన గొడ్లని మోసీవోడు. ఈడు నాకాడ దాసీడం ఎందుకు?"

తర్వాతి రోజు పైడిరాజు వచ్చాడు. నేను పిలవలేదు. గడప దాటి నేరుగా వాష్ బేసిన్ దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుని, తొడుగులు వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. అత్తగారు బిడ్డను తీసి అతని మీద పెట్టింది. ఆవిడ తెర పక్కన నేల మీద కూర్చుని తమలపాకు నమలబోయి, ఇక్కడ కూడదని శిఖా సైగ చేస్తే కొంగున కట్టుకుంది. ఆ మధ్యాహ్నం అతని కుడి చెయ్యి కుర్చీ మీంచి లేచి బిడ్డ వీపు మీద వాలడం తెర సందులోంచి చూశాను.

వారం తిరిగేలోపు సంతోషికి తెలివి వచ్చింది. చక్రాల కుర్చీలో కిందికి తీసుకొచ్చాం. పాలు ఆలస్యంగా పడ్డాయి కానీ పడ్డాయి. మొదట పిండి ఉగ్గుగిన్నెతో, తర్వాత రొమ్ము పట్టించి. భర్త దాచిన సంగతి ఆమెకు చెప్పాల్సి వస్తుందని నేను బెంగపడ్డాను. ఆమె నవ్వింది. "బట్టలు నానే కదమ్మా ఉతుకుతాను. తెల్దేటి? ఆడు పంపుహౌసంతే, నానూ పంపుహౌసే అన్నాను." పుట్టినప్పటి బరువు దాటాక పిల్లను ఇంటికి పంపాం. వెళ్ళేటప్పుడు పైడిరాజు నాకు దణ్ణం పెట్టాడు. తొడుగులు ఇంకో రెండు జతలు ఇమ్మని అడిగాడు, ఇచ్చాను.

నేను ఆసుపత్రి సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. రోగుల బంధువులను ఆసుపత్రి పనులకు వాడకూడదని ఒక సర్క్యులర్ వచ్చింది. మనిషిని గోతిలోకి దింపకూడదన్న మాట అందులో లేదు. చట్టంలో అది ఎప్పటినుంచో ఉందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. వార్డ్ మాస్టర్ నా రిటైర్మెంటు దాకా ఎదురుపడినప్పుడల్లా మర్యాదగానే నమస్కరించాడు. నేనూ తిరిగి నమస్కరించాను. ఆవరణలో కాలవ మరుసటి వానకూ పూడుకుంది. అప్పుడు ఎవర్ని దింపారో నేను కనుక్కోలేదు.

ఈ సంఘటన తర్వాత కొత్తగా చేరిన నర్సులకు రెండు విషయాలు నేర్పేదాన్ని. బంధువు బిడ్డను ఎత్తుకోనంటే ఇష్టపడలేదు అని రాయకముందు పక్కకు తీసుకెళ్ళి కారణం అడగాలి. అతను తన ఒంటి గురించి సిగ్గుపడుతున్నాడేమో చూడాలి. పసిపిల్ల చల్లబడడానికి అదీ ఒక కారణమే, దాన్ని మాటతో, సబ్బుతో, డాక్టరు పరీక్షతో సరిచేయవచ్చు. ఇంతవరకు తేలిగ్గానే చెప్పగలిగేదాన్ని. శుభ్రపరిచి కూర్చోబెట్టిన మనిషిని మన ఆసుపత్రే మళ్ళీ బురదలోకి దింపితే నర్సు ఏం చేయాలని ఒక అమ్మాయి అడిగింది. ఫిర్యాదు రాయాలని చెప్పాను. రాస్తే ఏమవుతుందని అడిగింది. సర్క్యులర్ వస్తుందని చెప్పి, పిల్లల పాదాలు తాకి చూసే పని మొదలుపెట్టమన్నాను.